గాలి ఆగిందని బయటికి రాకండి

కార్తీకం వచ్చిందంటే కోస్తా జనం ఆకాశం కేసి చూస్తారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుఫాన్లు ఎక్కువ.

1977 నవంబరు 19న కృష్ణా జిల్లా దివిసీమలో ఏం జరిగిందో పెద్దవాళ్లని అడగండి. గాలి సముద్రాన్ని ఊళ్ల మీదికి తోసింది. దాన్నే ఉప్పెన అంటాం. ఊళ్లకి ఊళ్లే కొట్టుకుపోయాయి. వేలమంది చనిపోయారు. గాలి కంటే నీళ్లే ఎక్కువమందిని పొట్టన పెట్టుకున్నాయి.

అందుకే రమ్మనగానే తుఫాను షెల్టరుకి వెళ్లాలి. ఇల్లూ, వలలూ, మేకలూ వదిలి రావడం కష్టమే. కాదనం. పశువుల తాళ్లు విప్పేయండి. కట్టేసి ఉంటే అవి ఈదలేవు. రేషన్ కార్డు, పాస్ పుస్తకం ప్లాస్టిక్ సంచిలో చుట్టి వెంట తెచ్చుకోండి. అటుకులు, మంచినీళ్లు మరవకండి.

ఇంకో సంగతి. పెద్ద తుఫానుకి నడుమ కన్ను ఉంటుంది. అది మన ఊరి మీదికి వస్తే గాలి ఒక్కసారిగా ఆగిపోతుంది. వానా తగ్గుతుంది. "హమ్మయ్య, పోయింది" అనుకుంటాం. పోలేదు! సగమే అయింది. కాసేపటికి గాలి రెండోవైపు నుంచి మళ్లీ విరుచుకుపడుతుంది. మొదటి గాలికి కదిలిన గోడలు, చెట్లు అప్పుడు కూలతాయి. తుఫాను దాటిపోయిందని రేడియోలోనో, ఫోనులోనో, అధికారులో చెప్పేదాకా కదలొద్దు.

ఊరికి తిరిగొచ్చాక బావి నీళ్లు చూసుకోండి. ఉప్పెన నీళ్లు కలిస్తే తాగొద్దు. కాచినా ఉప్పు పోదు. ట్యాంకరు నీళ్లు వచ్చేదాకా మీరు దాచుకున్న బిందెడు నీళ్లే దిక్కు.