చెవి వింటేనే... నోరు పలికేది!

పిల్లలకు మాటలు ఆలస్యమైతే ముందు చూడాల్సింది నాలుకను కాదు

సల్వా (కువైట్): ఊరికి ఫోన్ కలిసింది గానీ లైను బాగాలేదు. మనం అన్న మాటే కాస్త ఆలస్యంగా తిరిగొచ్చి మన చెవిలో పడుతోంది. అంతే... నాలుక తడబడుతుంది, మాట సాగుతుంది, చెప్పాలనుకున్నది మధ్యలోనే ఆగిపోతుంది. 'నా మాట నాకే వినబడుతోంది, పెట్టేసి మళ్లీ చేస్తా' అనేస్తాం. గల్ఫ్‌లో ఉండే తెలుగువాళ్లలో ఈ అనుభవం లేనివాళ్లు అరుదు. లోపం లైనుదే. కానీ మెదడు మన మాటను ఎలా నడిపిస్తుందో కూడా ఇందులో కనిపిస్తుంది. చంటిపిల్లలున్న తల్లిదండ్రులకైతే ఈ సంగతి తప్పక తెలియాలి.

మాటకు కాపలా

మనం మాట్లాడేటప్పుడు వినేది ఎదుటివాళ్లు మాత్రమే కాదు. మన చెవులు కూడా మన మాటను కనిపెట్టుకునే ఉంటాయి. పెదవులకు, నాలుకకు, గొంతుకు ఆజ్ఞ పంపేటప్పుడే మెదడు 'ఇలాంటి శబ్దం రావాలి' అని ఒక అంచనా వేసుకుంటుంది. వచ్చిన శబ్దం ఆ అంచనాకు సరిపోతే సరే. తేడా వస్తే వెంటనే దిద్దుబాటు మొదలవుతుంది.

1950లో బెర్నార్డ్ లీ అనే అమెరికన్ పరిశోధకుడు మనుషులకు వాళ్ల గొంతునే కాస్త ఆలస్యంగా వినిపించి చూశారు. బాగా మాట్లాడేవాళ్లు కూడా నత్తివాళ్లలా తడబడ్డారు. సెకనులో అయిదో వంతు ఆలస్యం చాలు, చాలామందికి మాట చెదిరిపోతుంది. విచిత్రం ఏమిటంటే, నత్తి ఉన్నవాళ్లలో కొందరికి ఇదే ఆలస్యం మాటను సాఫీ చేస్తుంది.

ఇంకో ఉదాహరణ మనకు రోజూ అనుభవమే. ఎక్స్‌ప్రెస్‌వే పక్కన వాహనాల హోరులోనో, పాత ఏసీ గుర్రుమనే గదిలోనో మాట్లాడితే మనకు తెలియకుండానే గొంతు పెరుగుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన చెవి, ముక్కు, గొంతు వైద్యుడు ఎతియెన్ లొంబార్ 1911లోనే దీన్ని గుర్తించి రాశారు. తన గొంతు తనకు సరిగ్గా వినపడకపోతే మనిషి అరుస్తాడు. 'ఎందుకలా అరుస్తావ్?' అని ఊళ్లో అమ్మ అడిగితే తప్పు మీది కాదు, ఆ ఏసీది!

తెలియకుండానే దిద్దుబాటు

1998లో జాన్ హౌడ్, మైకేల్ జోర్డాన్ (బాస్కెట్‌బాల్ ఆటగాడు కాదు) అనే శాస్త్రవేత్తలు ఇంకో అడుగు ముందుకు వేశారు. మాట్లాడేవారు ఒక అచ్చు పలికితే, కంప్యూటర్ దాన్ని అప్పటికప్పుడు మార్చి వాళ్ల చెవికి మరో అచ్చులా వినిపించింది. 'ఎ' అంటే 'ఇ'కి దగ్గరగా వినపడిందనుకోండి. నోరు మెల్లగా అవతలి వైపుకు జరిగి సరిచేసుకోవడం మొదలుపెట్టింది. చెవులకు హోరు పెట్టి సొంత గొంతు వినపడకుండా చేసినా ఆ మార్పు కొంత నిలిచింది. అంటే చెవి చెప్పిన పాఠాన్ని మెదడు దాచుకుందన్న మాట.

దాచుకోకపోతే కుదరదు కూడా. విని సరిచేయాలంటే సెకనులో పదో వంతుకు పైగానే పడుతుంది. ఈలోపు నాలుక తర్వాతి అక్షరానికి వెళ్లిపోతుంది. అందుకే రోజువారీ మాటంతా పాత అభ్యాసం మీదే నడుస్తుంది. పెద్దయ్యాక వినికిడి పోయినవాళ్లు ఏళ్ల తరబడి అర్థమయ్యేలా మాట్లాడగలగడానికి కారణం ఇదే. అయితే కాలం గడిచేకొద్దీ వాళ్ల గొంతు హెచ్చుతగ్గులు అదుపు తప్పుతాయి. 'స', 'ష' లాంటి అక్షరాల మధ్య తేడా చెరిగిపోవచ్చు.

'ఉంగా' అంటే సరిపోదు

మరి ఆ అభ్యాసమే లేని పసివాళ్ల సంగతి? ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. పుట్టు చెవుడు ఉన్న బిడ్డ కూడా మొదటి నెలల్లో 'ఉంగా ఉంగా' అంటుంది. నవ్వుతుంది. అందుకే ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. వినగలిగే పిల్లలు సాధారణంగా పది నెలల లోపే 'తతత', 'మమమ' అంటూ అక్షరాలు పేరుస్తారు. మన తాత, మామ, అత్త వంటి పిలుపులన్నీ ఆ దారిలో వచ్చేవే. వినికిడి లేని బిడ్డకు ఈ దశ బాగా ఆలస్యమవుతుంది. తన శబ్దం తనకు వినపడనప్పుడు దిద్దుకునేది ఎలా?

ఇలాంటప్పుడు మనవాళ్ల ఇళ్లలో వినిపించే సమాధానాలు తెలిసినవే. 'ఇంట్లో తెలుగు, బయట అరబ్బీ, టీవీలో హిందీ, బడిలో ఇంగ్లిషు... పాపం, గందరగోళపడుతున్నాడు.' 'వాళ్ల నాన్నకూ లేటే.' 'వస నాకించండి, వసపిట్టలా వాగుతాడు.' ఈ మాటలతో ఏడాది, రెండేళ్లు ఇట్టే గడిచిపోతాయి. నాలుగు భాషలు విన్నంత మాత్రాన మాటలు ఆగిపోవు. ఇక వస రాసేది నాలుకకు. లోపం చెవిలో ఉంటే అది చేసేదేమీ లేదు.

ఏం చేయాలి?

నిపుణులు చెప్పే లెక్క ఒకటి, మూడు, ఆరు. నెల లోపు వినికిడి పరీక్ష. మూడు నెలల లోపు నిర్ధారణ. ఆరు నెలల లోపు వినికిడి యంత్రం, శిక్షణ మొదలు కావాలి. పుట్టిన ఆసుపత్రిలో ఓఏఈ పరీక్ష చేశారా అని అడగండి. అనుమానం ఉంటే 'బెరా' పరీక్ష చేస్తారు. నిద్రపోయే బిడ్డకు కూడా ఇవి చేయొచ్చు, నొప్పి ఉండదు. ఒకసారి బాగానే ఉందన్నా, తర్వాత మాటలు వెనకబడితే మళ్లీ చేయించాలి.

ఇండియాకు వెళ్లి చూపించుకునేవారికి సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది. ఉస్మానియా విశ్వవిద్యాలయ ఉపకులపతిగా పనిచేసిన హైదరాబాదీ పేరు మీద 1983లో ముంబయిలో ఈ సంస్థను నెలకొల్పారు. యంత్రం చాలనివారికి కాక్లియర్ ఇంప్లాంట్ ఆపరేషన్ ఉంది. ఖర్చు లక్షల్లో ఉంటుంది. చిన్నపిల్లలకు ప్రభుత్వ పథకాల కింద సాయం అందుతుంది కానీ వయసు పరిమితి ఉంటుంది. నిబంధనలు ముందే కనుక్కోండి. 'వచ్చే సెలవులకు వెళ్లినప్పుడు చూద్దాం' అనుకుంటే ఆ వయసు దాటిపోవచ్చు.

ఆపరేషన్‌తోనే పని అయిపోదు. తర్వాత బిడ్డతో ఇంట్లో రోజూ మాట్లాడుతూ ఉండాలి. తెలుగులోనే మాట్లాడండి, సందేహం వద్దు. బిడ్డ చెవిన పడిన మాటే రేపు వాడి నోట వచ్చేది.