పేర్లు రెండు, మూలాలు చాలావరకు ఒకటే

నిరుడు బైపోలార్ అన్న డాక్టరే ఇవాళ స్కిజోఫ్రెనియా కావచ్చంటే ఇంట్లోవాళ్ల నమ్మకం సడలుతుంది. కానీ జబ్బు పేరు మారినంత మాత్రాన డాక్టరు పొరబడ్డారని కాదు. ఈ రెండింటి మధ్య గీత మనం అనుకున్నంత గట్టిది కాదు.

ఆ గీత గీసింది జర్మన్ వైద్యుడు ఎమిల్ క్రేపెలిన్. ఆలోచనను ఏళ్ల తరబడి దెబ్బతీసే జబ్బు (నేటి స్కిజోఫ్రెనియా) ఒకటి, ఉద్రేకమూ దిగులూ విడతలుగా వచ్చిపోయే జబ్బు (నేటి బైపోలార్) ఇంకొకటి అని 1899లో తన పాఠ్యగ్రంథంలో విడదీశాడు. ఆయనకున్న ఆధారం లక్షణాలు, జబ్బు నడిచే తీరే. నేటికీ వీటిని తేల్చిచెప్పే రక్తపరీక్ష లేదు. పైగా ఉద్రేకం ముదిరిన బైపోలార్ రోగికీ స్కిజోఫ్రెనియాలో లాగే లేని గొంతులు వినిపించవచ్చు.

2009లో స్వీడన్ పరిశోధకులు 20 లక్షలకు పైగా కుటుంబాల రికార్డులు పరిశీలించారు. స్కిజోఫ్రెనియా ఉన్నవారి తోబుట్టువుల్లో, పిల్లల్లో బైపోలార్ ముప్పు కూడా ఎక్కువేనని తేలింది. 2013లో మరో పెద్ద అధ్యయనం ఈ జబ్బుల మధ్య జన్యు సంబంధాన్ని 0.68గా లెక్కగట్టింది. సున్నా అంటే సంబంధమే లేదు, ఒకటి అంటే పూర్తి పోలిక.

సీఏసీఎన్ఏ1సీ అనే జన్యువునే చూడండి. నాడీకణంలోకి కాల్షియం వెళ్లే ద్వారం తయారీకి సూచనలు అందులో ఉంటాయి. కణాలు సంకేతాలు పంపుకోవడానికి ఆ కాల్షియం కావాలి. ఈ జన్యువులోని చిన్న తేడాలకు రెండు జబ్బులతోనూ సంబంధం కనిపించింది. ఒక్కో తేడా ప్రభావం స్వల్పమే. అలాంటివి ఎన్నో పోగుపడితేనే ముప్పు పెరుగుతుంది.

అయినా రెండూ ఒకటే జబ్బు కాదు. 22వ క్రోమోజోములో ఒక ముక్క లోపించడం లాంటి పెద్ద మార్పులు స్కిజోఫ్రెనియా ముప్పును బాగా పెంచుతాయి. బైపోలార్‌లో వాటి పాత్ర అంతగా లేదు. లిథియం బైపోలార్‌కు ముఖ్యమైన మందు, స్కిజోఫ్రెనియాకు అదొక్కటే చాలదు. యాంటీసైకోటిక్ మందులు మాత్రం రెండింటిలోనూ వాడతారు.

జన్యువులే తలరాత కూడా కాదు. ఒకే పోలిక కవలల్లో ఒకరికి స్కిజోఫ్రెనియా ఉన్నా, రెండోవారికి రాకపోవడం మామూలే. కాబట్టి తోబుట్టువుల పెళ్లిళ్లు ఆపకండి. జబ్బు మూలాలు జన్యువుల్లోనూ ఉన్నాయి గనక తల్లిదండ్రుల పెంపకాన్నీ నిందించకండి. డాక్టరు అడిగినప్పుడు మాత్రం ఏదీ దాచొద్దు. మేనమామకు ఒకప్పుడు నిద్రే లేని ఉద్రేకం వచ్చిందన్నా చెప్పాలి. బైపోలార్ సంగతి తెలియక ఒట్టి డిప్రెషన్ మందే ఇస్తే కొందరిలో ఉద్రేకం ఎగదన్నుతుంది. సరైన మందు ఎంచుకోవడానికి మీరిచ్చే ఆ కబురే డాక్టరుకు ఆసరా.