పాత లారీకి పెద్ద ఇంజను

అల్మాస్‌గూడ వంటి శివారులలో ఇండ్ల కొరకు ఇసుక, కంకర మోయు పాత లారీ ఎత్తుపై మొరాయించినపుడు, ఇంజనును పెద్దది చేయించిన బాగుండునని యజమాని తలచుట సహజము. ఎల్.బి. నగర్ దాటిన పిదప వచ్చు ఆటోనగర్ షెడ్లలో బోరింగు పని తెలిసినవారు కలరు. కాని పనికి ముందు లెక్క అవసరము.

సిలిండరు లోపలి వ్యాసమును బోరు అనియు, పిస్టను నడచు దూరమును స్ట్రోకు అనియు అందురు. ఈ రెండింటిని బట్టియే ఇంజను పరిమాణము ఏర్పడును. 1954లో టాటా వారు జర్మనీలోని డైమ్లర్-బెంజ్ వారితో ఒప్పందము చేసికొని లారీలు కట్టసాగిరి. నాటి ఆరు సిలిండర్ల ఇంజనుకు బోరు 90, స్ట్రోకు 120 మి.మీ.; పరిమాణము 4,580 ఘన సెం.మీ. తరువాతి 692 ఇంజనులో బోరు 92 మి.మీ.; స్ట్రోకు మారలేదు. 697లో బోరు 97, స్ట్రోకు 128 మి.మీ. అయినవి, పరిమాణము 5,675కు పెరిగెను.

స్ట్రోకును నిర్ణయించునది క్రాంకు షాఫ్టు. దాని నడిమి ఇరుసునకు, క్రాంకు పిన్నుకు గల ఎడమునకు స్ట్రోకు రెట్టింపు. స్ట్రోకు 120 నుండి 128 మి.మీ. అయినచో ఆ ఎడము 60 నుండి 64 అగును. అప్పుడు పిస్టను క్రిందికి 4 మి.మీ. అధికముగా దిగుటయే గాక, పైకిని 4 మి.మీ. అధికముగా ఎక్కును. డీజిలు ఇంజనులో పిస్టను తలకు, హెడ్డుకు నడుమ అంత చోటుండదు. మొదటి చుట్టులోనే రెండును ఢీకొనును. కావున పిన్ను రంధ్రము 4 మి.మీ. పైన గల పిస్టను గాని, అంత పొట్టిదైన కనెక్టింగ్ రాడ్డు గాని వలయును. సగము స్ట్రోకు, రాడ్డు పొడవు, పిన్ను నుండి పిస్టను తల వరకు గల ఎత్తు, ఈ మూడింటి మొత్తము మారరాదు.

రెండవది పీడనము. ఒక్కొక్క సిలిండరులో 798 ఘన సెం.మీ. గాలి 50లోనికి నొక్కబడుచున్నదనుకొందము. ఆ 50ని కూడ కలిపి చూచిన నిష్పత్తి 17. బోరు, స్ట్రోకులను 697 కొలతలకు తెచ్చి 798ని 946 చేసి, పై చోటును 50గానే ఉంచినచో నిష్పత్తి దాదాపు 20కి పోవును. బేరింగులపై, హెడ్డుపై ఒత్తిడి పెరుగును. పిస్టను తలలోని గుంటను పెద్దది చేసి పై చోటును 59కి తేవలయును.

బోరును 5 మి.మీ. పెంచిన, గోడ ప్రతి వైపున 2.5 మి.మీ. పలుచనగును. ఇంధన పంపు అధికముగా పోయనిదే బలము రాదు. పోసిన, వేడిమిని రేడియేటరు మోయవలయును. 1988 మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను ప్రకారము ఇట్టి మార్పునకు నిబంధనలు కలవు.

షాఫ్టు వెలకన్న, ముందుగా కొలతలు తీయుటకు పట్టు పూట పని చౌక. లెక్క తప్పిన ఇంజను పగులును. దానితో యజమాని జీవనోపాధియు నిలిచిపోవును.