కింది పళ్ళు గ్లాసులో ఎందుకున్నాయి?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కట్టుడు పళ్ళ సెట్టు ఉన్న పెద్దవాళ్ళ ఇంటికి భోజనాల వేళ వెళ్ళి చూడండి. పై వరస నోట్లో ఉంటుంది, కింది వరస గూట్లో గ్లాసు నీళ్ళలో ఉంటుంది. పెళ్ళికి వెళ్ళేటప్పుడు, ఫొటో దిగేటప్పుడు రెండూ పెట్టుకుంటారు. విస్తరి ముందు కూర్చోగానే కిందిది మెల్లగా తీసి చేతిరుమాల్లో చుట్టేస్తారు. తినడానికని కట్టించుకున్న పళ్ళు తినే వేళకే పనికిరాకుండా పోతాయి. పలాసలో పుట్టి పెరిగినా జీడిపప్పు కొరకలేరు. భీమాళి తాండ్ర చేతికిస్తే కాసేపు చప్పరించి మనవడికిచ్చేస్తారు. చోడి అంబలితోనో చారన్నంతోనో సరిపెట్టుకుని, ‘ఈ వయసులో ఇంకేటి తింటాం బాబూ’ అనేస్తారు.

పళ్ళు కట్టిన డాక్టరును తిట్టుకునేవాళ్ళు లేకపోలేదు. చాలాసార్లు ఆయన తప్పేమీ ఉండదు. పై సెట్టుకు అంగిలంతా ఆధారం. తడిగా, వెడల్పుగా ఉన్న అంగిలికి సెట్టు అతుక్కుని నిలబడుతుంది. కింద ఆ వీలు లేదు. మధ్యలో నాలుక ఉంటుంది, అదేమో ఒక్క క్షణం కుదురుగా ఉండదు. గుర్రపునాడా ఆకారంలో ఉండే కింది సెట్టు సన్నటి చిగురు గట్టు మీద ఊరికే కూర్చుంటుంది. ఆ గట్టు కూడా ఏటికేడాది కరిగిపోతుంది. పన్ను ఉన్నంతకాలమే దాని చుట్టూ ఉన్న ఎముకకు పని. పన్ను పోయాక ఎముక అరగడం మొదలవుతుంది. కట్టుడు పళ్ళు పెట్టుకున్నవారిని పాతికేళ్ళ పాటు గమనించి ఆంట్యె టాల్‌గ్రెన్ అనే పరిశోధకురాలు 1972లో ఫలితాలు ప్రచురించారు. పై దవడతో పోలిస్తే కింది దవడ దాదాపు నాలుగింతలు ఎక్కువగా అరుగుతుందని అందులో తేలింది. మొదట్లో బిగుతుగా ఉన్న సెట్టు పదేళ్ళకు వదులైతే ఆశ్చర్యం లేదు.

సెట్టును పట్టి ఉంచడానికి దవడ ఎముకలో బిగించే సన్నటి స్క్రూలు, అంటే మినీ ఇంప్లాంట్లు, అక్కరకొచ్చేది ఇక్కడే. ఎముక టైటానియంతో కలిసిపోతుందని స్వీడన్ శాస్త్రవేత్త పెర్ ఇంగ్వార్ బ్రోనెమార్క్ 1950లలో కుందేళ్ళ కాలి ఎముకల మీద పనిచేస్తూ గమనించాడు. 1965లో యోస్తా లార్సన్ అనే రోగి కింది దవడలో టైటానియం స్క్రూలు బిగించాడు. లార్సన్ 2006లో చనిపోయేదాకా, అంటే నలభై ఏళ్ళకు పైగా, అవి పనిచేశాయి. ఆ మామూలు ఇంప్లాంట్లు సుమారు 4 మిల్లీమీటర్ల లావుంటాయి. అరిగిపోయి కత్తి అంచులా మిగిలిన ఎముకలో వాటికి చోటుండదు, ముందు ఎముక పొడి వేసి గట్టును పెంచాలి. న్యూయార్క్ దంతవైద్యుడు విక్టర్ సెండాక్స్ సన్న స్క్రూల దారి పట్టాడు. ఆయన పద్ధతిలో స్క్రూ లావు 1.8 మిల్లీమీటర్లే. మినీ అని పిలిచేవన్నీ 3 మిల్లీమీటర్ల లోపే ఉంటాయి.

కింది దవడకు మామూలుగా నాలుగు వేస్తారు. గడ్డం దగ్గర, పెదవికి స్పర్శనిచ్చే నరాలు బయటికొచ్చే రెండు రంధ్రాల మధ్యనే వాటి చోటు. చిగురుకు మత్తు సూది ఇచ్చి, చాలామందికి చిగురు కోయకుండానే, పైనుంచి సన్నటి డ్రిల్‌తో చిన్న దారి చేస్తారు. ఆ రంధ్రం స్క్రూ పొడవంతా ఉండదు. ఆపైన స్క్రూ తన దారి తానే చేసుకుంటూ దిగాలి. ముందు వేళ్ళతో, బిగుసుకున్నాక చిన్న రెంచితో కొద్దికొద్దిగా తిప్పుతారు. హడావుడిగా తిప్పితే ఎముకైనా చిట్లుతుంది, స్క్రూ అయినా విరుగుతుంది. చివరికి చిగురు పైన మిగిలేది ఆవగింజంత గుండు. పళ్ళ సెట్టు అడుగున నాలుగు గుంతలు తొలిచి, లోపల రబ్బరు రింగు ఉన్న లోహపు టోపీలను వాటిలో అమరుస్తారు. సెట్టు పెట్టి నొక్కితే టిచ్ బటన్‌లా ‘టక్’మని కూర్చుంటుంది. బిగింపు ఎంత వచ్చిందో రెంచి మీద కొలత చూస్తారు. సరిపడా వస్తే అదే రోజు సెట్టు తగిలించవచ్చు. రాకపోతే కొన్ని నెలలు మెత్తటి లైనింగుతో సరిపెట్టాలి. ‘గంటలో పళ్ళు’ అని ఊరూరా ఫ్లెక్సీలు కట్టేవాళ్ళు ఈ రెండో మాట రాయరు.

రాయని సంగతి మరొకటుంది. లోహపు కడ్డీ లావు సగానికి తగ్గితే వంపును తట్టుకునే బలం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. నాలుగు స్క్రూలు కలిసి సెట్టును పట్టుకునేటప్పుడు ఆ సన్నదనం చెల్లుతుంది. ఒంటరిగా ఒక దవడపన్ను బరువు మోయమంటే చెల్లదు. ముందు వరసలో, ముఖ్యంగా కింద, ఇరుకు సందులో ఒక పన్ను పెట్టాల్సి వస్తే సన్న ఇంప్లాంటు ఆలోచించవచ్చు. చవకని దవడపన్ను జాగాలో ఒక్క మినీ వేయించుకోవడం మాత్రం నాకు మింగుడుపడని బేరం. పై దవడలోనూ జాగ్రత్త అవసరం. అక్కడ ఎముక మెత్తన, ఆరు దాకా వేయాల్సి వస్తుంది, అయినా కిందంత భరోసా ఉండదు. 2002లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో సమావేశమైన నిపుణులు పళ్ళన్నీ పోయిన కింది దవడకు రెండు మామూలు ఇంప్లాంట్ల మీద నిలిచే సెట్టే మొదటి ఎంపిక కావాలన్నారు. ఎముక దండిగా ఉంటే ఇప్పటికీ అదే మంచి దారి. ఎముక సన్నబడి, పెద్ద ఆపరేషను తట్టుకోలేనివారికి మినీ.

ఇదంతా ఎక్కడైనా ఒకటే. మన జిల్లాల్లో మాత్రం స్క్రూ కంటే ముందు చూడాల్సింది అంగిలి.

పై సెట్టు కప్పేసేది సరిగ్గా అంగిలినే. మన ప్రాంతపు ముసలమ్మల నోట్లో జబ్బు మొదలయ్యేదీ చాలాసార్లు అక్కడే. కారణం అడ్డపొగ. చుట్ట నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని కాల్చే అలవాటు. గాలికి ఆరదు, బట్టలుతుకుతున్నా నాట్లు వేస్తున్నా రెండు చేతులూ ఖాళీ, చుట్ట ఎక్కువసేపు కాలుతుంది. ఎండలో పనిచేసిన ఆడవాళ్ళకు అది అలా అలవాటైపోయింది. 1957లోనే డి.జి. రెడ్డి, వి.కె. రావు కోస్తాంధ్రలో అడ్డపొగకూ అంగిలి క్యాన్సరుకూ ఉన్న సంబంధం గురించి వైద్య పత్రికలో రాశారు. 1960లలో ముంబయి టాటా సంస్థ పరిశోధకులు ఫాలీ మెహతా, పి.సి. గుప్తా, డెన్మార్క్ నిపుణుడు పిండ్‌బోర్గ్ బృందం శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్ళు పరీక్షించింది. 1971లో ప్రచురించిన లెక్క ప్రకారం వారిలో నూటికి నలభై మందికి పైగా అడ్డపొగ తాగేవాళ్ళే. విజయనగరం జిల్లా 1979లో గానీ ఏర్పడలేదు కాబట్టి అప్పటి శ్రీకాకుళం అంటే ఇప్పటి జిల్లా కంటే పెద్దది.

ఈ అలవాటు కొత్త తరంలో తగ్గింది. పళ్ళు కట్టించుకునే వయసులో ఉన్న అవ్వల్లో ఇంకా కనిపిస్తుంది. అంగిలి తెల్లగా మందమెక్కడం, మధ్యలో ఎర్రటి చుక్కలు, ఎంతకీ మానని పుండు ఉన్నా నొప్పి లేకపోతే ఎవరూ పట్టించుకోరు. పైన సెట్టు ఉంటే ఇంట్లోవాళ్ళకు కనబడను కూడా కనబడదు. పుండుంటే ‘సెట్టు ఒరిసింది’ అనుకుంటారు. ఒరుపు పుండైతే సెట్టు సరిచేయించాక రెండు వారాల్లో మానాలి. మానలేదంటే ముక్క తీసి పరీక్షకు పంపించాల్సిందే, ఆ ఫలితం తేలేదాకా స్క్రూల మాట వద్దు. పొగాకు మానిపించే ప్రయత్నం చేసిన గ్రామాల్లో అంగిలి మచ్చలు తగ్గాయని మెహతా, గుప్తాల తర్వాతి పరిశోధనల్లో తేలింది. అరవై ఏళ్ళ అలవాటు ఇప్పుడేం మానుతాదని వదిలేయనక్కర్లేదు. పొగ తాగే నోట్లో ఇంప్లాంటు వదులయ్యే ప్రమాదం కూడా ఎక్కువ.

ఉద్దానం సంగతి వేరు. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు వైపు కిడ్నీ జబ్బు లేని వీధి వెతుక్కోవాలి. పన్ను తీసినా స్క్రూ వేసినా మర్నాటికి నొప్పి బిళ్ళ వేసుకోవడం మామూలే. ఆ బిళ్ళల్లో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి దెబ్బతిన్న కిడ్నీకి విషంతో సమానం. క్రియాటినిన్ ఎంతో డాక్టరు అడగకపోయినా రిపోర్టు ముందు పెట్టాలి. డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు కాబట్టి నోటి పని అదే రోజు చేయించకూడదు. కిడ్నీ పాడైతే ఎముకలో సున్నం లెక్కలూ తప్పుతాయి, స్క్రూ పట్టు మీద దాని ప్రభావం ఉంటుంది. షుగరు అదుపులో ఉందో లేదో, ఎముకల బలానికి ఏటా సూదులు తీసుకుంటున్నారేమో కూడా చెప్పాలి.

శ్రీకాకుళం పక్కన చాపురంలో దంత వైద్య కళాశాల ఉంది. విశాఖ వైపు గీతం, సంగివలస అనిల్ నీరుకొండ కళాశాలలు ఉన్నాయి. టౌన్లలో ప్రైవేటు క్లినిక్కులకు కొదవ లేదు. ఎక్కడికెళ్ళినా ధర అడిగేటప్పుడు స్క్రూ ఒక్కోటి ఎంత అని మాత్రమే అడిగితే మోసపోతారు. స్కాను, టోపీలు, కొత్త సెట్టు కావాలంటే దాని ఖర్చు, తర్వాతి రింగులు అందులో ఉన్నాయా లేవా అన్నది కాగితం మీద రాయించుకోవాలి.

రింగుల గురించి ఎందుకంటే, అవి అరుగుతాయి. ఏడాదికో అటూఇటూగానో మార్చాలి. మార్చకపోతే సెట్టు మళ్ళీ కదులుతుంది, ఆ కదలిక స్క్రూల మీద పడుతుంది. స్క్రూ గుండ్ల చుట్టూ రోజూ మెత్తటి బ్రష్షుతో తోమాలి, రాత్రి సెట్టు తీసి నీళ్ళలో వేయాలి. మన ఊళ్ళలో ఈ పనికి డబ్బు కట్టేది ఎక్కువగా హైదరాబాదులోనో చెన్నైలోనో గల్ఫులోనో ఉన్న కొడుకు. సంక్రాంతి సెలవుల్లో వచ్చి అమ్మను క్లినిక్కుకు తీసుకెళ్తాడు, పళ్ళు బిగించగానే పప్పుచెక్క కొరికించి వీడియో తీస్తాడు, కనుమ మర్నాడు బండెక్కేస్తాడు. ఏడాది తిరిగేసరికి రింగు మార్పించడానికి ఆమెను పాలకొండ నుంచో సాలూరు నుంచో ఆటో ఎక్కించి తీసుకెళ్ళేదెవరో అతను బయల్దేరేలోపే తేల్చుకోవాలి. అలాంటివాళ్ళెవరూ లేకపోతే పాత సెట్టు అడుగున కొత్త లైనింగు వేయించి, కొన్నాళ్ళు అలాగే వాడుకోవడం తక్కువ పనేమీ కాదు.