బొమ్మను వెనక్కి తిప్పి చూడండి

“టీవీలో ఉన్నట్టు లేదండీ, డబ్బులు దండగ!” రోబోగా మారే బొమ్మ కొన్న ప్రతి తండ్రీ ఎప్పుడో ఒకప్పుడు అనే మాట ఇది. తెనాలి బోసు రోడ్డులో కొన్నా అంతే, అమెరికా బాబాయి సూట్‌కేసులో వచ్చినా అంతే. టీవీలో లారీగా మారే రోబో ఆప్టిమస్ ప్రైమ్ వీపు నున్నగా ఉంటుంది. చేతిలోని బొమ్మకేమో వీపు మీద లారీ ముక్కలు కుప్పగా పేరుకుని ఉంటాయి. దాంతో మోసపోయామనుకుంటారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు చిర్రెత్తుకొస్తుంది. మోసం చేసింది బొమ్మ కాదు, కార్టూన్.

అసలు కథ తిరగేసి ఉంది. కార్టూన్ చూసి బొమ్మ చేశారని అందరూ అనుకుంటారు. నిజానికి కార్టూన్ రాకముందే జపాన్‌లో టకారా కంపెనీ డయాక్లోన్, మైక్రోమాన్ అనే పేర్లతో ఈ బొమ్మలు అమ్ముతోంది. వాటిని అమెరికాకు చెందిన హాస్‌బ్రో తీసుకుని 1984లో ట్రాన్స్‌ఫార్మర్స్ అని పేరు పెట్టింది. అవి అమ్ముడుపోవడానికే అదే ఏడాది కార్టూన్ వచ్చింది. ఐరన్‌హైడ్ అనే వ్యాన్ బొమ్మకు తలే లేదు, తల ఉండాల్సిన చోట ఒక స్టిక్కర్ మాత్రం ఉండేది. కార్టూన్ గీసినవాళ్ళు దానికి తల పెట్టారు, మిగతా వాటికి వేలాడే ముక్కలు తీసేశారు, మడతల గీతలు చెరిపేశారు. నలభై ఏళ్ళుగా బొమ్మలవాళ్ళు ఆ గీతలను అందుకోవడానికి ఆపసోపాలు పడుతున్నారు.

పైగా కార్టూన్‌కు సిగ్గులేదు. మెగాట్రాన్ అంతెత్తు రోబో, మారగానే పక్కవాడి చేతిలో ఇమిడే తుపాకీ అయిపోతాడు. సౌండ్‌వేవ్ టేప్‌రికార్డర్ అవుతాడు. ఆప్టిమస్ రోబోగా మారగానే లారీ వెనకున్న ట్రైలర్ తెర అంచు దాకా దొర్లుకుంటూ వెళ్ళి మాయమైపోతుంది. చందమామ చదివి పెరిగిన మనవాళ్ళకు ఇదేం కొత్త కాదు. ఆ పత్రిక పెట్టినవాళ్ళలో ఒకరైన చక్రపాణిది తెనాలే. 1952 నుంచి 1980 దాకా దాన్ని నడిపిన కొడవటిగంటి కుటుంబరావు పుట్టిందీ తెనాలిలోనే. ఫిజిక్స్ చదివిన మనిషి, హేతువాది, అయినా కథల్లో కామరూపాలకు అడ్డు చెప్పలేదు. రాక్షసుడు ఈగ అయ్యాక వాడి బరువు ఎటు పోయిందని కథలో ఎవరూ అడగరు. ప్లాస్టిక్‌ను మాత్రం అడిగి తీరాలి. బొమ్మలో ఒక్క ముక్క పెరగదు, ఒక్క ముక్క తరగదు.

మడత మంచాన్ని గుర్తు తెచ్చుకోండి. వాలిస్తే మంచం, మడిస్తే బీరువా పక్కన నిలబెట్టుకోవచ్చు. మడిచినప్పుడు దాని కాళ్ళు ఎక్కడికి పోతాయి? ఎక్కడికీ పోవు, చట్రంలోకి ఒదుగుతాయి. ఒదగడానికి చేసినవాడు ముందే చోటు వదిలాడు. ఇప్పుడు అతన్నే పిలిచి “మడిస్తే మంచం ఆనవాలు కనపడకూడదు, కుర్చీ అవ్వాలి” అనండి. చేస్తాడు, కాకపోతే ఒక పక్క నవారు వేలాడుతుంది. “కుర్చీకి చేతులుండాలి” అనండి. మంచం కాళ్ళలో రెండు చేతులవుతాయి. “ఆ కుర్చీ లేచి నిలబడాలి, కత్తి పట్టుకోవాలి, దాని మొహం టీవీలో ఉన్నవాడిలా ఉండాలి, మళ్ళీ రాత్రికి మా నాన్నగారు దాని మీద పడుకోవాలి” అనండి. పనిముట్లు సర్దుకుని వెళ్ళిపోతాడు. బొమ్మల డిజైనర్‌కు అలా వెళ్ళిపోయే వీల్లేదు.

అతని చిక్కేమిటో చూడండి. కారంటే బయటికి పెద్ద డొల్ల. బానెట్, పైకప్పు, తలుపులు, డిక్కీ, అన్నీ వెడల్పాటి పలకలే. రోబోకు కావలసినవి సన్నటి, గట్టి కాళ్ళూ చేతులూ. కారుగా ఉన్నప్పుడు అందరికీ కనపడిన పలకలన్నీ రోబో అయ్యాక ఎక్కడో ఒకచోట తలదాచుకోవాలి. దాక్కోవడానికి చోట్లు కొన్నే: వీపు, పిక్కల్లోని డొల్ల, మోచేతుల చుట్టూ, భుజాల వెనక. అందుకే ఈ బొమ్మను ముందు నుంచి చూసి మార్కులు వేయకూడదు. పెట్టె మీది ఫొటో ఎప్పుడూ ముందు నుంచే తీస్తారు, కారణం ఇదే. వెనక్కి తిప్పండి, పక్కకు తిప్పండి. పైకప్పు మూడు మడతలు పడి వీపుకు అతుక్కుని ‘టక్’మని బిగుసుకుందా, అది మంచి బొమ్మ. దేనికీ తగులుకోకుండా ఊగులాడుతోందా, డిజైనర్ సగంలో చేతులెత్తేశాడన్నమాట.

మొదటి ఆప్టిమస్ ఇక్కడే గొప్పది. లారీ ముందు అద్దాలే దాని ఛాతీ, ముందున్న జాలీయే పొట్ట, లారీ వెనక భాగమే కాళ్ళు. దాచిందేమీ లేదు. పిడికిళ్ళు మాత్రం విడిగా ఇచ్చి తగిలించుకోమన్నారు, అక్కడ తప్పించుకున్నారు. ఇప్పటి ఖరీదైన బొమ్మలు కొన్నింటిలో కార్టూన్ పోలిక కోసం ఛాతీకి వేరే దొంగ అద్దాలు పెట్టి, అసలు అద్దాలను లోపలికి మడిచేస్తున్నారు. చూడ్డానికి బాగుంటుంది, నాకు మాత్రం నచ్చదు. మారడానికి యాభై మెట్లున్నాయని పెట్టె మీద గొప్పగా వేస్తే మురిసిపోకండి. ఎనిమిదేళ్ళ పిల్లవాడు రెండోసారి మార్చడు.

ఇక కీళ్ళు. ఇవి మూడు రకాలు. పిన్ను చుట్టూ తిరిగే మడతబందు, గిన్నెలో కూర్చునే బంతి కీలు, పళ్ళున్న చక్రంతో టిక్కుటిక్కుమని తిరిగేది. మొదటి రెండూ రాపిడి మీద నిలుస్తాయి కాబట్టి అరిగేకొద్దీ వదులవుతాయి. వదులైన బంతికి రంగులేని గోళ్ళ పాలిష్ పల్చగా పూసి, పూర్తిగా ఆరాక బిగిస్తే మళ్ళీ పట్టు వస్తుంది. బిగుసుకుపోయినదానికి కొబ్బరినూనె మాత్రం పోయకండి, దుమ్ము పట్టి జిడ్డు కడుతుంది. కీలు దగ్గర ప్లాస్టిక్ మీద సన్నటి తెల్ల గీత కనిపిస్తే అది మురికి కాదు. లోపల కంటికి ఆనని చీలికలు ఏర్పడి వెలుగును చెదరగొడుతున్నాయి, అందుకే తెలుపు. ఇంకో నాలుగు వంపులకు అక్కడే విరుగుతుంది. పారదర్శకమైన ప్లాస్టిక్‌లో పిన్ను దిగ్గొట్టిన చోటైతే ఈ హెచ్చరిక కూడా ఉండదు, నేరుగా పగులుతుంది. అలాంటి చెయ్యి ఊడినప్పుడు మనవాళ్ళు దిష్టి తగిలిందంటారు, ఎవరో వచ్చి మెచ్చుకున్నారట. పిన్ను లావైంది, రంధ్రం సన్నమైంది. ఎండుమిరపకాయలు కాల్చినంత మాత్రాన రంధ్రం పెద్దది కాదు.

బరువుంటే నాణ్యమైనదన్న నమ్మకం ఇంకొకటి. తెనాలి సూర్య శిల్పశాలలో కాటూరి వెంకటేశ్వరరావు, ఆయన కొడుకు రవిచంద్ర ఇనుప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు చేస్తారు. 2021లో నట్లూ బోల్టులతో 14 అడుగుల మోదీ విగ్రహం చేశారు. అక్కడ బరువు బలమే, ఆ విగ్రహం కదలక్కర్లేదు. చెయ్యెత్తి నిలబడాల్సిన బొమ్మకు లోహం పాదాల్లో ఉంటే లాభం, భుజంలో ఉంటే నష్టం. వీపున పలకల బరువు, భుజాన లోహం, మడమేమో పొట్టిది: అలమరలో పెట్టిన రాత్రే వెల్లకిలా పడుతుంది. కొట్లోనే ఒంటికాలి మీద నిలబెట్టి చూడండి, కొట్టువాడు విసుక్కున్నా సరే.

తిరునాళ్ళలో దొరికే బ్యాటరీ రోబో కార్ల సంగతి వేరు. గోడకు కొట్టుకుని తిరిగి, పాట పాడుతూ నడుం లేపుతాయి. లోపల ఒకటో రెండో మోటార్లు, గేర్లు, అంతకు మించి ఏమీ లేదు. వాటికి కీళ్ళ పరీక్ష అనవసరం. 2021లో హాస్‌బ్రో, రోబోసెన్ కలిసి తెచ్చిన తనంతట తానే మారే ఆప్టిమస్‌లో 27 సర్వో మోటార్లున్నాయి, అప్పట్లో ధర 699 డాలర్లు. ఈ రెండింటినీ ఒకే మాటతో కొలవడం అన్యాయం. రెంటికీ వర్తించే పరీక్ష ఒక్కటే, ఐఎస్ఐ గుర్తు. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు అది తప్పనిసరి. రంగుల్లో సీసం మోతాదు, పదునైన అంచులు, గొంతులో ఇరుక్కునే చిన్న ముక్కలు, ఇవన్నీ చూశాకే ఆ గుర్తు ఇస్తారు. మూడేళ్ళలోపు పిల్లలున్న ఇంట్లో ఆప్టిమస్ పిడికిలి కూడా అలాంటి చిన్న ముక్కే.

బాపట్ల పాఠకులకు విడిగా ఒక మాట. సూర్యలంక బీచ్‌కు ఈ బొమ్మను తీసుకెళ్ళకండి. పళ్ళ చక్రంలో ఒక్క ఇసుక రేణువు పడితే టిక్కుటిక్కు కాస్తా గరగర అవుతుంది, ఉప్పుగాలికి లోపలి ఉక్కు పిన్నులు తుప్పు పడతాయి. రేపల్లె ప్యాసింజర్‌లో ఎండ పడే కిటికీ పక్కన పెట్టినా మెత్తటి కత్తులూ కొమ్ములూ వంగిపోతాయి. వేడినీళ్ళలో ముంచి, సరిచేసి, చన్నీళ్ళలో పెడితే తిన్నగా అవుతాయి.

ఆడనప్పుడు రోబోగా ఉంచాలా, కారుగా ఉంచాలా అని చాలామంది అడుగుతుంటారు. ఏ రూపంలో ఏ కొక్కెమూ బిగబట్టుకుని ఉండదో ఆ రూపంలో ఉంచండి. వంచి పట్టి ఉంచిన ప్లాస్టిక్ నెలల తరబడి అలాగే ఉంటే ఆ వంపుకే అలవాటు పడి పట్టు వదిలేస్తుంది. చాలా బొమ్మలు కారుగా ఉన్నప్పుడే ఎక్కువ బిగుతుగా ఉంటాయి, పలకలన్నీ ఒకదాన్నొకటి లాక్కుంటాయి కాబట్టి. ట్రైలర్ ఉంటే దాన్ని విడిగా పెట్టుకోండి.