జబ్బు కన్నా ముందే గడపలోకి...

పొద్దున తొమ్మిదింటికి పల్లెలో ఎవరుంటారు? చేజర్ల చుట్టుపక్కల ఏ ఊరికైనా వెళ్లి చూడండి. అరుగు మీద ఓ తాత, ఉయ్యాల్లో చంటిబిడ్డ, పక్కనే ఓ అవ్వ. మిగిలినవాళ్లంతా వరికయ్యల్లోనో నిమ్మతోటల్లోనో ఉంటారు. అందుకే బీపీ చూడాలన్నా, షుగరు పరీక్ష సంగతి చెప్పాలన్నా, ఊరి నాడి తెలిసిన ఆశా కార్యకర్త పొద్దు వాలాకే తలుపు తడుతుంది. అప్పుడు సాగే మాటలూ ఏ ఊళ్లోనైనా దాదాపు ఒకటే.

‘పెద్దమ్మా, ఒకసారి ఏఎన్‌ఎమ్మక్క దగ్గరికొచ్చి బీపీ చూపించుకోరాదా?’

‘నాకేం రోగం పుట్టిందిమే! రాయిలాగుండా.’

ఆ ఒక్క మాటను దాటించడానికే ఇంత ప్రయాస!

నొప్పి ఉంటే కదా...

కాలు విరిగితే ఆసుపత్రికి పరుగెత్తుతాం. జ్వరమొస్తే మందులషాపుకైనా వెళతాం. కానీ రక్తపోటు చాలామందిలో ఏ బాధా పెట్టదు. ఏళ్ల తరబడి లోలోపల గుండెనీ మూత్రపిండాలనీ దెబ్బతీసి, ఓరోజు పక్షవాతంగా బయటపడుతుంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పదిహేనేళ్లు దాటిన ఆడవాళ్లలో సుమారు నలుగురికి ఒకరు రక్తపోటు ఎక్కువగా ఉన్నవాళ్లో, దానికి మందులు వాడుతున్నవాళ్లో. మగవాళ్లలో ఆ సంఖ్య ఇంకాస్త ఎక్కువే.

ఏ బాధా లేనప్పుడు కూలి మానుకుని, బస్సు ఛార్జీలు పెట్టుకుని ఆత్మకూరుకో నెల్లూరుకో ఎవరు వెళతారు? జబ్బు మనిషిని ఆసుపత్రికి నడిపిస్తుంది. ముందుజాగ్రత్తకి ఆ బలం లేదు. కాబట్టి అదే మనిషి దగ్గరికి నడిచి రావాలి. పిలిస్తే వచ్చేది 108. అది 2005 ఆగస్టు 15న మొదలైంది. పిలవకపోయినా రావాల్సిన వైద్యం సంగతి వేరు. ఆ ఆలోచనతోనే 2008లో 104 వాహనాలు నెలకోసారి పల్లెలకు వచ్చి బీపీ, షుగరు చూడటం మొదలుపెట్టాయి. 2023 ఏప్రిల్‌లో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ విధానం కూడా డాక్టర్ని ఊళ్లోకి తీసుకొచ్చే ప్రయత్నమే.

దూబగుంట పాఠం

మనిషిని కదిలించేది ఎవరు? ఈ ప్రశ్నకు జవాబు కోసం ఎక్కడికో వెళ్లక్కర్లేదు. ఉదయగిరి వైపు కలిగిరి మండలంలోని దూబగుంటే చెబుతుంది.

1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పగలంతా కూలికెళ్లొచ్చిన ఆడవాళ్లు రాత్రిబళ్లలో పలక పట్టారు. పాఠాల్లో సారా వల్ల చితికిన ఓ సంసారం కథ ఉంది. అది ఎవరిదో కథ కాదు, ‘మా ఇంటిదే’ అనుకున్నారు వాళ్లు. దూబగుంట రోశమ్మలాంటి వాళ్లు ముందు నిలిచారు. సారా బండ్లని ఊళ్లోకి రానివ్వలేదు. 1992లో జిల్లా అంతా పాకిన ఆ ఉద్యమం రాష్ట్రాన్ని కుదిపేసింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాని నిషేధించింది.

దాన్ని ఎవరూ ఆరోగ్య కార్యక్రమం అనలేదు. కానీ కాలేయం పాడవకుండా, ఇంట్లో దెబ్బలు తప్పేలా, పిల్లల నోటికాడి కూడు పోకుండా చేసింది అదే కదా! పట్నం నుంచి వచ్చినవాళ్లు వంద చెప్పినా కదలని ఊరు, పక్కింటామె ఒక్క మాట చెబితే కదిలింది. తర్వాత జిల్లాలో పొదుపు సంఘాలు బలంగా పాదుకోవడానికి ఆ ఐక్యతే ఊతమైంది.

నీళ్లు నేర్పిన సంగతి

ఇదే నేల మరో పాఠం కూడా చెప్పింది. మనదేశంలో ఎముకలను వంచేసే ఫ్లోరోసిస్ గురించిన తొలి వైద్య నివేదిక 1937లో వెలువడింది. అది నెల్లూరు జిల్లా నుంచే! కనిగిరి, పొదిలి, దర్శి అప్పట్లో ఈ జిల్లావే. 1970లో ప్రకాశం జిల్లాలో కలిశాయి. ఉదయగిరి ప్రాంతంలోని పల్లెలకూ ఫ్లోరైడ్ బెడద కొత్తకాదు.

వంగిన ఎముకని తిరిగి నిటారుగా నిలిపే మాత్ర లేదు. చేయగలిగిందల్లా ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లు తాగకుండా చూడటమే. లీటరుకి ఒక మిల్లీగ్రాము దాటకుండా ఉంటే మంచిది. వేరే నీళ్లు లేనిచోట ఒకటిన్నరే గరిష్ఠ పరిమితి. ఆ బోరు నీళ్లు వంటకీ తాగడానికీ వద్దని గుర్తుచేయాల్సింది ఎవరు? డాక్టరు కాదు, ఆ ఊళ్లోనే ఉండే మనిషి.

టేపూ, కాగితం, నాలుగు ప్రశ్నలూ

2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ అలాంటి మనిషికి ఓ పేరు పెట్టింది. ఆశా అని. సుమారు వెయ్యిమంది జనాభాకి ఒకరు. ఆ ఊరి కోడలో ఆడపడుచో అయ్యుండాలి. మొదట్లో కాన్పులూ టీకాలే ఆమె పని. 2018లో ఆయుష్మాన్ భారత్ వచ్చాక మరో బాధ్యత చేరింది. ముప్ఫై ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరి వివరాలూ రాసుకోవాలి.

వయసెంత? పొగాకు అలవాటుందా? మందు తాగుతారా? ఒంటికి శ్రమ ఉందా? ఇంట్లో ఎవరికైనా బీపీ, షుగరు, గుండెజబ్బు ఉన్నాయా? ఇవి అడిగి, టేపుతో నడుము కొలిచి, మార్కులు వేస్తుంది. నాలుగు దాటితే ముందుగా పరీక్షకు పంపాలి. తక్కువొచ్చినా పరీక్ష మానకూడదు. బీపీ, షుగరు ఏడాదికోసారి చూపించుకోవాలి. నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ల పరీక్ష అయిదేళ్లకోసారి.

డీసీపల్లి, కలిగిరిలో పొగాకు వేలం కేంద్రాలున్న ప్రాంతమిది. ఇక్కడ నోటి పరీక్ష ఎంత అవసరమో వేరే చెప్పాలా? ఇక గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ సంగతి చూస్తే, అదే జాతీయ సర్వేలో 30-49 ఏళ్ల ఆడవాళ్లలో ఒక్కసారైనా ఆ పరీక్ష చేయించుకున్నవాళ్లు దేశం మొత్తమ్మీద వందకి ఇద్దరు కూడా లేరు!

ముంబయి వాడల్లో...

పెద్ద డాక్టర్లు లేకుండా ఇదంతా జరిగే పనేనా? జరిగి చూపించింది ముంబయిలోని టాటా మెమోరియల్ ఆసుపత్రి. 1998లో అక్కడి మురికివాడల్లో 35-64 ఏళ్ల లక్షన్నర మంది ఆడవాళ్లతో ఓ అధ్యయనం మొదలుపెట్టారు. కనీసం పదో తరగతి చదివిన స్థానిక మహిళలకు నాలుగు వారాలు శిక్షణ ఇచ్చారు. వెనిగర్‌లో ఉండే ఎసిటిక్ ఆమ్లాన్ని పలచగా పూసి, గర్భాశయ ముఖద్వారం దగ్గర తెల్లబడుతోందేమో చూడటమే పరీక్ష. సగం మందికి రెండేళ్లకోసారి అలా చూశారు. మిగతా సగానికి అవగాహన కల్పించారు. 2013లో ఫలితాలు ప్రకటించారు. పరీక్షలు జరిగిన వాడల్లో ఈ క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయి. ఖరీదైన యంత్రం లేదు. నమ్మకమున్న మనిషి, క్రమం తప్పని రాక... అంతే!

చీటీ ఇచ్చి పంపేస్తే?

అయితే పరీక్షతోనే పని అయిపోదు. బీపీ 140/90 దాటిందని చీటీ రాసిచ్చి పంపేస్తే, ఆ చీటీ చూరులోనే ఉండిపోతుంది. పీహెచ్‌సీకి వెళ్లాలి, మరోరోజు మళ్లీ కొలిపించుకోవాలి, మందులు మొదలుపెట్టాలి, నెలనెలా ఆగకుండా వేసుకోవాలి. ఒకసారి వెళ్లినప్పుడు మాత్రలు లేవంటే రెండోసారి ఆ గడప తొక్కరు. ఇల్లిల్లూ తిరిగి పంపించిన ఆశా మాట కూడా అప్పుడే పోతుంది. ఊళ్లో నమ్మకం కుదరడానికి ఏళ్లు పడుతుంది, పోవడానికి ఒక్క ఖాళీ మందుల అర చాలు.

ఆమె కష్టమూ తక్కువేం కాదు. గర్భిణుల వివరాలు, టీకాల జాబితాలు, సర్వేలు, ఫోన్లో నమోదులు... అన్నీ ఆమె మీదే. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో గౌరవ వేతనం నెలకు పదివేలైంది. పేరుకి గౌరవమే, ఉద్యోగం మాత్రం కాదు. చేతిలో పని పెరిగేకొద్దీ గుమ్మంలో కూర్చుని మాట్లాడే సమయం తగ్గుతుంది. అసలు మందు ఆ మాటే కదా!

మగవాళ్లదింకో కథ. పరీక్ష అంటే ‘రేపు చూద్దాంలే’ అని టీకొట్టు వైపు నడుస్తారు. వాళ్ల కోసం ఆ టీకొట్టు దగ్గరికో, రచ్చబండ దగ్గరికో బీపీ మిషను వెళ్లాలి. ఆడవాళ్ల కోసం పొదుపు సంఘం సమావేశం ఉండనే ఉంది. జనం ఎక్కడుంటే పరీక్ష అక్కడికి రావాలి.

ఈసారి మీ ఇంటి ముందుకు ఆశా వస్తే ‘మాకేం లేదులే’ అనకండి. ఓ కుర్చీ వేసి కూర్చోబెట్టండి. ఇంట్లో ముప్ఫై దాటిన వాళ్లందరి పేర్లూ రాయించండి. ఊరికి ఫోను చేసినప్పుడు ‘అమ్మా, తిన్నావా?’ అన్న తర్వాత మరో మాట కలపండి...

‘బీపీ చూపించుకున్నావా?’