తరగతి గదిలోనే పరిశోధన: కలకత్తా నివేదిక నేర్పిన పాఠం

కోల్‌కతా: బీమా పాలసీని గడువుకు ముందే వదులుకుంటే చేతికందే మొత్తాన్ని సరెండర్ విలువ అంటారు. మరి బడిని మధ్యలోనే మానేసిన విద్యార్థికి భాషా బోధన ఏం మిగుల్చుతుంది? ఢాకా ఉపాధ్యాయ శిక్షణ కళాశాల ప్రిన్సిపాల్ మైకేల్ వెస్ట్, 1926లో కలకత్తా నుంచి వెలువడిన 'బైలింగ్వలిజం' నివేదికలో ఈ ప్రశ్ననే లేవనెత్తారు.

నాటి బెంగాల్‌లో అధిక సంఖ్యాకులు చదువు పూర్తికాకుండానే బడి వీడేవారు. ఏళ్ల తరబడి ఇంగ్లీషు నేర్చినా సులభమైన పుస్తకాన్ని సైతం చదవలేకపోయేవారు. వాచకాల్లో అరుదైన పదాలు ఒక్కసారిగా వచ్చిపడటమే ప్రధాన లోపమని వెస్ట్ గుర్తించారు. కొత్త పదాలను తగ్గించి, ఎడంగా అమర్చి, పదేపదే కనిపించేలా పాఠాలను తిరగరాసి విద్యార్థులతో పరీక్షించారు. ఈ కృషి కొనసాగింపుగా 1953లో సుమారు 2,000 పదాల 'జనరల్ సర్వీస్ లిస్ట్' వెలువడింది.

సమస్యను గుర్తించడం, చిన్న మార్పు చేయడం, ఫలితాన్ని నమోదు చేయడం, పునరాలోచించడం. 1940వ దశకంలో కర్ట్ లెవిన్ ప్రతిపాదించిన క్రియాత్మక పరిశోధన సారాంశమూ ఇదే. దీనికి ప్రయోగశాల అక్కరలేదు. రేపు బడికి రాని విద్యార్థికి ఈ రోజు పాఠం ఏం మిగిల్చిందో ముందుగా తెలుసుకోగలిగేది ఆ తరగతి ఉపాధ్యాయుడే.